11 నెలల బాబుకి పుట్టువెంట్రుకలు: ఎడిసన్ నుంచి పిట్స్‌బర్గ్ గుడికి కారులో రాత్రి బయల్దేరాలా, పొద్దున్నా?

ఎడిసన్ కోడలు

అందరికీ నమస్తే. మే నెలాఖరున మెమోరియల్ డే లాంగ్ వీకెండ్‌కి పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్దామనుకుంటున్నాం. అప్పటికి బాబుకి పదకొండో నెల నడుస్తుంటుంది, పుట్టువెంట్రుకలు తీయించాలి. పాపకి నాలుగేళ్ళు. మాతో మా అత్తగారు కూడా వస్తారు. రాజమండ్రి నుంచి సంక్రాంతి అయ్యాక వచ్చారు. ఆవిడకి షుగర్, మోకాళ్ళ నొప్పులు.

ఇక్కడ న్యూజెర్సీలోనే బ్రిడ్జ్‌వాటర్‌లో వెంకన్న గుడి పెట్టుకుని అంత దూరం ఎందుకని అడుగుతారేమో, అందుకే ముందే చెప్తున్నా. బాబుని మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టే తీయించాలి, అది మా రెండు వైపులా ఉన్న ఆచారం. మా అన్నయ్య కొలంబస్‌లో ఉంటాడు. వదినకి ఏడో నెల. తనని వదిలి ఎడిసన్ దాకా వచ్చి వెళ్ళడం అన్నయ్యకి కష్టం. పిట్స్‌బర్గ్ అయితే తనకి మూడు గంటల దారి, అదే రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఇక మొక్కు సంగతి. నా కాన్పు కష్టమైనప్పుడు అత్తయ్య తిరుపతి వెంకన్నకి మొక్కుకున్నారు. వీసా స్టాంపింగ్ టెన్షన్‌తో ఈ ఏడాది ఇండియా వెళ్ళలేం. నెల దాటిపోకుండా ఇక్కడే తీయిద్దామని ఆవిడే అన్నారు.

మావారి ప్లాన్ ఇది. శుక్రవారం రాత్రి పదకొండింటికి బయల్దేరితే పిల్లలు నిద్రలో ఉండగానే దారి అయిపోతుంది. శనివారం పొద్దున్నే గుండు, దర్శనం. మధ్యాహ్నం భోజనం చేసి తిరుగు ప్రయాణం. హోటల్ ఖర్చు ఉండదు, ఆదివారం, సోమవారం ఇంట్లో రెస్ట్ తీసుకోవచ్చంటారు. నాకు మాత్రం గుండెల్లో దడగా ఉంది. పైగా శనివారం వెంట్రుకలు తీయకూడదు, ఆదివారం అయితే సరేనని అత్తయ్య అంటున్నారు.

మాది సెడాన్. వెనక రెండు కారు సీట్లు, మధ్యలో నేను. మోకాళ్ళ వల్ల అత్తయ్య ముందు కూర్చోవాలి. బాబు ఇంకా నా పాలే తాగుతున్నాడు. దర్శనం అయ్యేదాకా అత్తయ్య ఏమీ తినరు, అదో భయం. చిన్నపిల్లలతో ఈ దారిన వెళ్ళినవాళ్ళు ఉంటే ఎలా చేశారో చెప్తారా?

టర్న్‌పైక్ నాన్న

సిస్టర్, నేను మీవారి పార్టీనే. మా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు చాలాసార్లు రాత్రిళ్ళే నడిపాను. ఏడుపులు ఉండవు, ట్రాఫిక్ ఉండదు. ఎడిసన్ నుంచి గుడికి 340 మైళ్ళకు అటూ ఇటూ ఉంటుంది. ఆగకుండా వెళ్తే ఐదున్నర, ఆరు గంటలు. ఐ-78, తర్వాత ఐ-81 మీద హారిస్‌బర్గ్ దాకా వెళ్ళి, అది దాటాక పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎక్కి, 57వ ఎగ్జిట్ మన్రోవిల్ దగ్గర దిగడమే. ఐ-78లో అలెన్‌టౌన్ దాటాక ట్రక్కులు ఎక్కువ. పగలైతే ఆ ముక్కలోనే విసుగొస్తుంది.

టోల్ కట్టే ఈ-జీ పాస్ ట్యాగ్ కారులో ఉందో లేదో చూసుకోండి. మన న్యూజెర్సీ ట్యాగే పనిచేస్తుంది. టర్న్‌పైక్‌లో 2020 నుంచి క్యాష్ తీసుకోవడం మానేశారు. ట్యాగ్ లేకపోతే నంబర్ ప్లేట్ ఫొటో తీసి ఇంటికి బిల్లు పంపుతారు, అది చాలా ఎక్కువ పడుతుంది.

మన్రోవిల్ పిన్ని

అమ్మా, మేము గుడికి దగ్గర్లోనే ఉంటాం. మా ఇంటికి వచ్చే చుట్టాల్లో సగం మంది స్వామి కోసమే వస్తారు. రాత్రంతా నడిపి తెల్లవారుజామున మా గుమ్మం ముందు దిగినవాళ్ళను చూశాను, పగలు నింపాదిగా వచ్చినవాళ్ళనూ చూశాను. చంటిపిల్లలతో రాత్రి ప్రయాణం వద్దు. పైన రాసిన టర్న్‌పైక్ నాన్న ఏమీ అనుకోకూడదు, ఈ మాట గట్టిగానే చెప్తున్నా.

పిల్లలు నిద్రపోతారు, నిజమే. మరి నడిపే మనిషి నిద్ర సంగతేంటి? శుక్రవారం పగలంతా ఆఫీసు పని చేసిన మనిషి రాత్రి పదకొండింటికి స్టీరింగ్ పట్టుకుంటే, సోమర్సెట్ దగ్గర కొండల్లోకి వచ్చేసరికి మూడున్నర, నాలుగు అవుతుంది. మనిషికి నిద్ర ముంచుకొచ్చే వేళ అది. అక్కడే మలుపులు, మంచు పొగ, పక్కన ట్రక్కులు. మీరు వెనక ఇద్దరి మధ్య ఇరుక్కుని కునుకు తీస్తుంటారు, మీ అత్తగారికీ కన్ను మూత పడుతుంది. ఆయనతో మాట్లాడేందుకు మెలకువగా ఒక్కరూ ఉండరు.

సరే, క్షేమంగానే చేరారనుకుందాం. పొద్దున్న ఐదింటికి పిల్లలిద్దరూ కడుపునిండా నిద్రపోయి లేస్తారు. గుడి తెరిచి ఉండదు. హోటల్ గది మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరు. మీ అత్తగారు స్నానం చేయకుండా గుడి మెట్టెక్కుతారా? బాబుకి నీళ్ళెక్కడ పోస్తారు? మీవారి ప్లాన్‌లో దీనికి జవాబు లేదు. ఆ తర్వాత గుండు చేయించుకుని ఏడ్చి అలిసిపోయిన బాబుని మళ్ళీ ఆరు గంటలు సీట్లో కట్టేసి కూర్చోబెట్టాలి. నిద్ర లేని మనిషే మళ్ళీ నడపాలి. హోటల్ డబ్బు మిగిలించుకోవలసిన చోటు ఇది కాదమ్మా.

మీ చేతిలో మూడు రోజులున్నాయి. శనివారం ప్రయాణం, ఆదివారం మొక్కు, సోమవారం ఇల్లు. ఒక రోజుకి ఒక పని. శనివారం వద్దన్న మీ అత్తగారి మాటా నిలబడుతుంది.

శనివారం పొద్దున ఆరింటికల్లా కారు కదలాలి. పిల్లల్ని నిద్రలోనే ఎత్తి కూర్చోబెట్టండి, మొదటి రెండు గంటలు అలా గడిచిపోతాయి. తర్వాత రెండు గంటలకోసారి ఆగాల్సిందే. పాలిచ్చేది బండి ఆగినప్పుడే. మీవాడు ఏడుస్తుంటే ముందు సీట్లోంచి అత్తగారు "పాపం, ఒళ్ళోకి తీసుకోవే" అంటారు. తీసుకోకండి. పెన్సిల్వేనియాలో రెండేళ్ళ లోపు పిల్లల్ని వెనక్కి తిరిగి ఉండే సీట్లోనే కూర్చోబెట్టాలని చట్టం. చట్టం మాట అటుంచినా, కదిలే బండిలో తల్లి చేతులు బిడ్డని ఆపలేవు. ఈ విషయం బయల్దేరకముందే మీవారి చేత అత్తగారికి చెప్పించండి. కొడుకు చెప్తే వింటారు, దారిలో మీరు చెప్తే మనసు కష్టపెట్టుకుంటారు.

హారిస్‌బర్గ్ దగ్గర పెద్ద మజిలీ వేయండి. హెర్షీ పక్కనే. అక్కడి చాక్లెట్ వరల్డ్‌లో చాక్లెట్ ఎలా చేస్తారో చూపించే బండి ఎక్కించుకుని తిప్పుతారు, దానికి టికెట్ డబ్బులు లేవు. నాలుగేళ్ళ పాపకి సరిగ్గా సరిపోతుంది. లాంగ్ వీకెండ్ కాబట్టి లైన్ పొడుగ్గా ఉంటే మాత్రం ఆగకండి. ఆ తర్వాత టర్న్‌పైక్ మీద సైడ్లింగ్ హిల్ సర్వీస్ ప్లాజాలో ఇంకోసారి ఆగితే మన్రోవిల్ దాకా రెండు గంటల లోపే.

గది తీసుకుని స్నానాలు చేసి, ఆ సాయంత్రమే ఒక్కసారి గుడికి వెళ్ళి రండి. పూజ, అర్చన ఏవీ పెట్టుకోవద్దు, ఊరికే దర్శనం. అందరికీ నేను చెప్పేది ఇదే. పిల్లలు కొత్త చోటికి అలవాటు పడాలి. గంట మోత, నేల చల్లదనం, నల్లటి స్వామి నిలువెత్తు విగ్రహం, అన్నీ ఒక్కసారిగా మీద పడితే బెదిరిపోతారు. మొదటి రోజు చూసి ఉంటే మర్నాడు మంగలి ముందు కూర్చునేసరికి ఆ చోటన్నా తెలిసిన చోటవుతుంది. పాపని కింద నిలబెట్టకండి, నాన్న ఎత్తుకోవాలి. కింది నుంచి దానికి కనిపించేది ముందున్నవాళ్ళ చీర కుచ్చిళ్ళే. శఠారి తల మీద పెడతారని, నొప్పి పుట్టదని ముందే చెప్పండి. మా అమ్మాయి ఆ వయసులో శఠారి చూసి పూజారిగారి ముందు కెవ్వుమంది. మర్నాడు ఇంట్లో స్టీలు గిన్నె దాని తల మీద పెట్టి "శఠగోపం, శఠగోపం" అని ఆడించాక భయం పోయింది.

శనివారం దర్శనం అయిపోతే ఆదివారం మీ అత్తగారు టిఫిన్ తిని మాత్ర వేసుకోవడానికి ఒప్పుకుంటారు. స్వామిని చూశాం కదా అనే నిబ్బరం ఉంటుంది.

గుడి కొండవాలులో ఉంది. పార్కింగ్ నుంచి ఎక్కుడు. పెద్దావిడని పైన గుమ్మం దగ్గర దింపాకే కారు పెట్టుకోండి. తలనీలాల సంగతి ఇప్పుడే ఆఫీసుకి ఫోన్ చేసి ఆదివారానికి టైమ్ తీసుకోండి. లాంగ్ వీకెండ్‌లో ఒహాయో, మేరీల్యాండ్, వర్జీనియాల నుంచి జనం వస్తారు. అక్కడికెళ్ళి అడుగుదాంలే అనుకుంటే కుదరదు. దర్శనం వేళలు కూడా ఆ వారానివి చూసుకోండి.

గుంటూరు తాతయ్య (మేరీల్యాండ్)

అమ్మాయీ, వారం పట్టింపు గురించి ఒక మాట. మొక్కు తీర్చుకునే క్షేత్రంలో తలనీలాలకు వారం, వర్జ్యం చూడక్కర్లేదన్నది మా ఇళ్ళలో పద్ధతి. తిరుమలలో కల్యాణకట్ట శనివారం మూసేయరు కదా. కానీ మొక్కుకున్నది మీ అత్తగారు. ఆవిడ మనసుకి ఆదివారం బాగుంటే ఆదివారమే చేయించండి. మనసులో శంక పెట్టుకుని తీర్చే మొక్కు ఎందుకు?

తిరుపతికి మొక్కుకుని ఇక్కడ తీరుస్తున్నామని ఆవిడకి ఏమైనా బాధ ఉంటే, ఇప్పుడే పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి మందిరంలో పెట్టించండి. ఇండియా వెళ్ళినప్పుడు తిరుమల హుండీలో వేయవచ్చు. పిట్స్‌బర్గ్ గుడి సామాన్యమైనది కాదని కూడా ఆవిడకి చెప్పండి. 1976లో పని మొదలుపెట్టి 1977 జూన్‌లో ప్రతిష్ఠ చేశారు. తిరుమల తిరుపతి దేవస్థానం సాయం చేసింది. స్వామికి ఇరుపక్కలా పద్మావతీ అమ్మవారికీ ఆండాళ్‌కీ సన్నిధులున్నాయి. అప్పటికి షికాగో పక్కన అరోరాలో గానీ, కాలిఫోర్నియాలోని మాలిబూలో గానీ బాలాజీ గుళ్ళు లేవు. మా తరంవాళ్ళం బిడ్డ పుట్టినా, కొత్త కారు కొన్నా పిట్స్‌బర్గ్ దారే పట్టేవాళ్ళం. మా పెద్దవాడి అన్నప్రాసన అక్కడే జరిగింది. రోడ్డు మీద నుంచి తెల్లటి గోపురం కనపడగానే మా ఆవిడ కారులోనే దణ్ణం పెట్టేది.

ఎడిసన్ కోడలు

పిన్నిగారూ, తాతయ్యగారూ, చాలా థాంక్స్. పిన్నిగారి మెసేజ్ మావారికి మొత్తం చదివి వినిపించాను. స్నానం ఎక్కడ అన్న దగ్గర ఆగిపోయి, హోటల్ బుక్ చేశారు. శనివారం ఆరింటికి బయల్దేరుతున్నాం. ముడుపు మాట వినగానే అత్తయ్య పసుపు గుడ్డ అడిగారు. గుడికి ఫోన్ చేశాం, ఆదివారం పొద్దున రమ్మన్నారు.

ఇంకో రెండు అడగాలి. పాపకి కారులో వాంతులు అవుతాయి, కొండల దారి అంటున్నారు కదా. రెండోది గుండు. నేనెప్పుడూ దగ్గరుండి చూడలేదు. బ్లేడు అంటేనే చేతులు వణుకుతున్నాయి. బాబు అసలు తల ముట్టుకోనివ్వడు.

టర్న్‌పైక్ నాన్న

పిన్నిగారు చెప్పాక నేనేం మాట్లాడతాను, నడిపేవాడి నిద్ర గురించి ఆవిడ అన్నది నిజం. వాంతులకి మాకు పనికొచ్చింది సొరంగాల ఆట. కార్లైల్ దగ్గర టర్న్‌పైక్ ఎక్కితే నాలుగు టన్నెల్స్ వస్తాయి. బ్లూ మౌంటెన్, కిట్టటినీ రెండూ ఒకదాని వెంట ఒకటి, ఆ తర్వాత టస్కరోరా. సైడ్లింగ్ హిల్ దాటాక చాలాసేపటికి ఆలెగెనీ. వెనకటికి రైలు కోసం కొండలు తవ్వి మధ్యలో వదిలేశారట, 1940లో ఈ రోడ్డు వేసినప్పుడు వాటిలో చాలామటుకు వాడుకున్నారు. "రైలు గుహ వస్తోంది, అదిగో చూడు" అంటుంటే పిల్లలు ఫోన్ వదిలేసి దూరంగా ముందుకి చూస్తారు. ఫోన్ చూస్తే కడుపులో తిప్పడం ఇంకా ఎక్కువవుతుంది. కార్లైల్‌లో ఐ-81 దిగి టర్న్‌పైక్ ఎక్కేదాకా సిగ్నళ్ళు, ట్రక్కులు ఉంటాయి, అక్కడ ఓపిక పట్టండి.

మన్రోవిల్ పిన్ని

మంచి మాట చెప్పావమ్మా, మనసు కుదుటపడింది. పాపకి ఆ రోజు పొద్దున పాలు పట్టకండి. ఇడ్లీ గానీ ఉప్పు బిస్కట్లు గానీ కొంచెం కొంచెంగా పెట్టండి. హెర్షీలో ఆగినా చాక్లెట్ అక్కడ తిననివ్వద్దు, సాయంత్రం హోటల్‌లో ఇస్తానని చెప్పండి. మందు ఇవ్వాలంటే మీ పిల్లల డాక్టర్‌ని అడిగే ఇవ్వండి.

ఇక గుండు. పాలు ఒక అరగంట ముందే పట్టేయండి. అప్పుడే తాగి గుక్కపట్టి ఏడిస్తే కక్కేస్తాడు. ఆకలి మీద కూర్చోబెట్టినా ఊరుకోడు. మీ అన్నయ్యని గంట ముందే రమ్మనండి. బాబు వీడియో కాల్‌లో చూసిన మేనమామ వేరు, ఒళ్ళో కూర్చోబెట్టుకున్న మేనమామ వేరు. కాసేపు ఎత్తుకుని తిప్పితే చెయ్యి అలవాటవుతుంది. అసలు మీ అన్నయ్య శనివారం రాత్రికే రాగలిగితే ఇంకా మేలు, కానీ వదినకి ఏడో నెల అంటున్నారు, బలవంతం చేయకండి.

మేనమామ మొదటి వెంట్రుకలు కత్తిరించి మీ ఆడపడుచు చేతిలో గానీ అత్తగారి చేతిలో గానీ పసుపు గుడ్డలో వేస్తాడు, మీ ఆచారం ఎలా ఉంటే అలా. తర్వాత జుట్టు బాగా తడపాలి. పైపైన నీళ్ళు చల్లితే చాలదు. గోరువెచ్చని నీళ్ళతో తల వెనక, చెవుల పక్కన వేళ్ళతో రుద్ది నానబెట్టాలి. చిన్నపిల్లల జుట్టు పట్టులా జారుతుంది, పొడిగా ఉంటే బ్లేడు గీరుకుంటుంది. బ్లేడు కొత్తదేనా అని మొహమాటం లేకుండా అడగండి, విప్పి చూపిస్తారు. మీ అన్నయ్య ఒక చేత్తో బాబు రెండు చేతులు, ఇంకో చేత్తో గడ్డం పట్టుకోవాలి. మీరు ఎదురుగా నేల మీద కూర్చుని వాడి కళ్ళలోకి చూస్తూ మాట్లాడండి. వెనక నిలబడి "అయ్యో, అయ్యో" అనే చుట్టాలు ఎవరైనా ఉంటే పక్కకి పంపండి. చెవి వెనకకి వచ్చేసరికి ప్రతి బిడ్డా తల విదిలిస్తాడు, అక్కడ మంగలిని ఆగమనండి, బాబు సర్దుకున్నాక మళ్ళీ మొదలుపెట్టమనండి.

మరీ కుదరకపోతే జీరో ట్రిమ్మర్‌తో తీయించండి. స్వామికి వెంట్రుకలు ఇచ్చినట్టే. కానీ ఈ మాట కూడా అత్తగారితో ముందే అనుకోండి. అక్కడ బాబు ఏడుస్తుండగా దాని మీద చర్చ పెట్టుకోవద్దు.

పాపని మర్చిపోకండి. తమ్ముణ్ణి ఏదో చేసేస్తున్నారని ఏడుస్తుంది, లేదా నాకూ కావాలని పేచీ పెడుతుంది. దాని చేతికి ఒక పని ఇవ్వండి, తువ్వాలు పట్టుకోవడమో, టోపీ దాచడమో. తనకీ కావాలంటే మూడు కత్తెర్లు ఇప్పించండి, మురిసిపోతుంది.

స్నానం చేయించాక చర్మం మీద గాట్లు లేవని చూసుకుని అప్పుడు గంధం రాయండి. గాటు మీద గంధం మండుతుంది. పల్చగా రాస్తే చాలు, మందంగా పూస్తే ఆరి పెచ్చులు కట్టి దురద పెట్టి గోళ్ళతో గీరేసుకుంటాడు. మెత్తటి కాటన్ టోపీ రెండు తీసుకెళ్ళండి. ఇక్కడ మే నెలాఖరులో కూడా పొద్దుటి పూట చలి గాలి ఉంటుంది. పిల్లలకి కింద రబ్బరు చుక్కలున్న సాక్సులు తొడగండి, మామూలు సాక్సులతో గుడి నేల మీద జారిపడతారు. లోపల ఫొటోలు తీయనివ్వరు, అన్నయ్యతో ఫొటోలన్నీ బయట మెట్ల మీద దిగండి.

దర్శనం అయ్యాక గుడి క్యాంటీన్‌లో అందరూ తినండి. పులిహోర రెండు డబ్బాలు ఎక్కువ కొనుక్కోండి, సోమవారం దారికి అదే భోజనం. దద్ధోజనం మాత్రం అక్కడే తినేయాలి, కారులో పులుస్తుంది. ఆదివారం మధ్యాహ్నం పిల్లల్ని ఇంకెక్కడికీ తిప్పకండి. డైనోసార్ మ్యూజియం, కొండ మీదికి లాగే పాత ట్రాలీ బండి, ఇక్కడ చూడాల్సినవి చాలా ఉన్నాయి. అవి ఇంకోసారి వచ్చినప్పుడు. బాబు నిద్రపోతాడు, మీవారినీ పడుకోనివ్వండి.

సోమవారం పొద్దున గోరువెచ్చని నీళ్ళతో గంధం కడిగేసి, తల ఆరాకే సీట్లో కూర్చోబెట్టండి. ఎనిమిది లోపు బయల్దేరితే మంచిది. మధ్యాహ్నం నుంచి ఐ-78 మీద న్యూజెర్సీ వైపు వెళ్ళేవాళ్ళు పెరిగిపోతారు. తిరుగు దారిలో మొదట సౌత్ సోమర్సెట్ ప్లాజా వస్తుంది. పాపకి బాత్రూమ్ అవసరం లేదన్నా సరే, అక్కడ ఆపండి.